జాతిని బట్టి జబ్బు ముదురుతుందా: జ్వరాల వార్డులో నేను చూసింది

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినా. నువ్వు తిరుపతిలో నర్సింగ్ మూడో సంవత్సరం, మెడికల్ వార్డు పోస్టింగ్‌లో ఉన్నావు. ఒక సీనియర్ మన వైపు ఉండే యానాది గిరిజనుల గురించి నీతో "యానాదోళ్లకి టీబీ వస్తే తట్టుకోలేరు, వాళ్ల ఒంట్లోనే లేదు" అన్నారు, ఇంగ్లండ్ లెక్కల్లో కోవిడ్‌కి మనవాళ్లే జాస్తి పోయినారని కూడా యాడనో చదివినావు. మరి జాతిని బట్టి ఆస్పత్రిలో బతికేది చచ్చేది మారతాదా, మారితే అది రక్తంలో ఉండేదా అని అడిగినావు, దీని మీదే ప్రాజెక్టు చెయ్యొచ్చా అని కూడా. నేను ఈ ఊళ్లోనే 27 ఏళ్లు జ్వరాల వార్డు, ఛాతీ వార్డు, ఆఖర్లో ఐసీయూ చూసి రిటైరైన నర్సుని.

మారతాది. లెక్కల్లో తేడా ఉండేది నిజం, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ మీ సీనియర్ చెప్పిన కారణం తప్పు, ఆ కారణం నువ్వు నమ్మినావంటే రేపు నీ డ్యూటీలో బతకాల్సిన మనిషి పోతాడు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తా ఉన్నా.

ముందు ఒక ముడి విప్పుకోవాల. జబ్బు ఎవరికి వస్తాది అనేది ఒక లెక్క, వచ్చి మంచం ఎక్కినాక ఎవరు లేచి ఇంటికి పోతారు అనేది ఇంకో లెక్క. జనం రెండూ కలిపేస్తారు. గిరిజనుల ఆరోగ్యం మీద కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో రిపోర్టు ఇచ్చింది, దాంట్లో దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతం, మలేరియా కేసుల్లో వాళ్లు 30 శాతం, మలేరియా చావుల్లో 50 శాతం అని ఉంది. 8.6 కాస్తా 30 ఎందుకైంది అంటే అడవి, దోమ, తలుపుల్లేని ఇల్లు అని చెప్పొచ్చు. ఆ 30 మళ్లీ 50 ఎందుకైంది? కొంత ఎందుకంటే ప్రాణం తీసే ఫాల్సిపారం రకం ఆ కొండ ప్రాంతాల్లోనే జాస్తి. మిగతాది జ్వరం వచ్చిన రోజుకీ మందు పడిన రోజుకీ మధ్య గడిచిపోయిన రోజులు. నువ్వు నేను పనిచేసేది ఈ రెండో లెక్కలోనే.

ఇప్పుడు ఒక యానాదాయన గురించి చెప్తా, పేరొద్దు ఊరొద్దు. నాయుడుపేట వైపు చెరువు కట్ట కింద గుడిసెలు, రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, చూస్తే యాభై అనిపిస్తాది. నెలన్నర దగ్గు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, తర్వాత మందుల షాపులో టానిక్కు, ఆఖరికి దగ్గితే రక్తం పడే సరికి భయపడి 108లో వచ్చినారు, పెళ్లాం చంకలో బిడ్డ. కేస్ షీటులో బరువు దగ్గర 45 అని రాసుంది. ఎవరు తూచినారు అంటే ఎవురూ తూయలేదు, మనిషి నిలబడలేకపోతా ఉంటే ఓపీలో చూపుతోనే అంచనా వేసి రాసేసినారు. నేను, వార్డు ఆయమ్మ కలిసి ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా మిషను మీద పెట్టి తూచి, కుర్చీ బరువు తీసేసినాం. 31 కిలోలు. పడుకోబెట్టి టేపుతో కొలిస్తే ఎత్తు 160 సెంటీమీటర్లు, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే బీఎంఐ 12 చిల్లర.

ఇది ఎందుకింత చెప్తా ఉన్నానంటే టీబీ మాత్రలు బరువు చూసి ఇస్తారు కదా, నాలుగు మందులు కలిసిన మాత్ర 25 నుంచి 34 కిలోల దాకా రోజుకి 2, 35 నుంచి 49 దాకా 3, 50 నుంచి 64 దాకా 4. ఆ 45 అట్లే ఉండుంటే ఆయనకి రోజూ ఒక మాత్ర ఎక్కువ పడేది. ఎండిపోయిన ఒంట్లో లివర్ ఎంతని మోస్తాది, కామెర్లు వస్తే మందు ఆపాల, ఆపితే జబ్బు మళ్లీ లేస్తాది, మనిషి పోతే "వాళ్లు తట్టుకోలేరు" అనే మాటకి ఇంకో సాక్ష్యం దొరికినట్టు అవుతాది. తప్పు షీటులో ఉంది, నింద మాత్రం ఆయన పుట్టుక మీద పడతాది.

అదే రోజు ఇంకోటి జరిగింది. వేలికి ఆక్సిమీటర్ పెడితే 95 చూపించింది. డ్యూటీలో ఉన్న పాప "నార్మలే మేడం" అని రాసుకోని పోతా ఉంది. నాకు ఆయన ముక్కు పుటాలు ఎగరేసేది చూస్తే నమ్మకం కుదరలే, చేతి వేళ్లు మంచు మాదిరి ఉండాయి. పొట్ట మీద చెయ్యి పెట్టి గడియారం చూసుకుంటా నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టినా. 34. డాక్టర్ గారిని పిలిచి మణికట్టు దగ్గర రక్తం తీసి, దాంట్లో ఆక్సిజన్ నేరుగా కొలిచే ఏబీజీ పరీక్షకి పంపిస్తే ఆక్సిజన్ 87 అని వచ్చింది. వెంటనే ఆక్సిజన్ పెట్టినాం.

అప్పుడు వేళ్లు చల్లబడినందుకే అట్లా అనుకున్నా. తర్వాత 2020 డిసెంబర్‌లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు ఒక స్టడీ బయటపెట్టినారు, ఆక్సిమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తా ఉన్నా రక్తంలో నిజంగా 88 కన్నా తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం ఉంటే నల్లజాతి వాళ్లలో 11.7 శాతం ఉన్నారు, దాదాపు మూడింతలు. ఆ మిషను చర్మంలోంచి వెలుతురు పంపించి లెక్క కడతాది, చర్మంలో రంగు ఎక్కువైతే ఆ లెక్క తప్పొచ్చు, పైగా అట్లాంటి మిషన్లని సరిచూసినప్పుడు తెల్లచర్మం వాళ్ల మీదే ఎక్కువ సరిచూసినారు. ఎండలో గుంటల గట్ల మీద పనిచేసే మనిషి చర్మం ఎట్లా ఉంటాదో నీకు తెలుసు. మన వార్డులో మంచం మంచానికీ రంగు మారతాది. కాబట్టి అంకె బాగుండి మనిషి బాగలేకపోతే మనిషినే నమ్ము, ఊపిరి నువ్వే లెక్కపెట్టు, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు, అందరికీ 20 అని రాసే అలవాటు మన వార్డుల్లో ఉంది, ఆ అలవాటు మాత్రం చేసుకోవద్దు తల్లీ.

తిండి సంగతికి వస్తా. నా మనసు ఎక్కువ ఉండేది దీని మీదే.

మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం, అంటే టీబీ వాళ్లని ఉంచి చూసే ఆస్పత్రి, తెలుసు కదా, 1915లో మొదలైంది, అప్పుడు అది చిత్తూరు జిల్లా. టీబీ రాకుండా వేసే బీసీజీ టీకాలు దేశంలో మొదట 1948లో మదనపల్లెలోనే వేసినారు. టీబీకి మందే లేని కాలంలో ఆడ ఇచ్చింది గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. తర్వాత మందులొచ్చినాయి, మద్రాసులో 1956లో పెట్టిన టీబీ కీమోథెరపీ (మందులతో వైద్యం) సెంటర్ వాళ్లు 1959లో ఒక పెద్ద సంగతి తేల్చినారు, శానిటోరియంలో మంచి తిండితో పెట్టి మందిచ్చినా, ఇంట్లో పేద తిండి మీద ఉంచి అదే మందిచ్చినా జబ్బు నయమయ్యేది ఇంచుమించు ఒకటే అని. దాని వల్ల ప్రపంచమంతా లక్షల మందికి ఇంట్లోనే వైద్యం అందింది, అది గొప్ప పనే. కానీ ఆ మాట పట్టుకోని తిండిని మనం పూర్తిగా వదిలేసినాం. మందు పడింది కదా చాలు అనుకున్నాం. మరీ 12, 13 బీఎంఐతో వచ్చే మనిషి లెక్క వేరే.

జార్ఖండ్‌లో రేషన్స్ అని ఒక ట్రయల్ చేసినారు, 2023లో ఫలితాలు వచ్చినాయి, దాంట్లో చాలామంది ఆదివాసీలే. 2,800 మంది టీబీ పేషెంట్లకి మందుతో పాటు నెలకి 10 కిలోల సరుకులు ఇచ్చినారు, బియ్యం, పప్పులు, పాలపొడి, నూనె. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువ కనిపించింది. ఇంట్లో మిగతావాళ్లకి కూడా బియ్యం పప్పు ఇచ్చిన చోట వాళ్లకి కొత్తగా టీబీ వచ్చేది 39 శాతం తగ్గింది. 31 కిలోల మనిషికి 5 శాతం అంటే ఎంత? కిలోన్నర. రక్తంలోనే లోపం ఉండుంటే ఈ పప్పు బియ్యంతో ఎట్లా సరిపోతాది చెప్పు.

ఒక జాగ్రత్త. పాపం అని జాలిపడి మొదటిరోజే ప్లేటు నిండా అన్నం, నాలుగు గుడ్లు పెట్టొద్దు. నెలల తరబడి కడుపు మాడిన ఒంటికి ఒక్కసారి తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పతాది. థయమిన్ (బి1 విటమిన్) ముందు పడాల, మొదటి నాలుగు రోజులు రాగి జావ, గంజి, పాలు కొంచెం కొంచెంగా ఆరేడు సార్లు, తర్వాత పెంచుకుంటా పోవాల. ఆయనకి అట్లే చేసినాం. టీబీ పేషెంట్లకి తిండి కోసం ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ కింద అప్పుడు నెలకి 500 వచ్చేవి, 2024 నవంబర్ నుంచి 1000 చేసినారు, కానీ ఆయనకి బ్యాంకు అకౌంటే లేదు, ఆధార్‌లో పేరు ఒకటి రేషన్ కార్డులో ఇంకొకటి. ఆ కాగితాలు సరిచేసేదానికి మా టీబీ సూపర్‌వైజర్ మూడుసార్లు మండలాఫీసుకి తిరిగినాడు. అది కూడా వైద్యమే అని నేనంటా.

పక్కన తమిళనాడులో 2022 నుంచి టీబీ అని తేలిన రోజే కొన్ని కొలతలు తీస్తా ఉన్నారు, బీఎంఐ 14 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉందా, 16 లోపు ఉండి కాళ్ల వాపు ఉందా, నిమిషానికి ఊపిరి 24 దాటిందా, ఆక్సిజన్ 94 కింద ఉందా, ఆసరా లేకుండా నిలబడగలడా. వీటిలో తేడా ఉంటే వెంటనే అడ్మిషన్. దీంట్లో కులం కాలమ్ యాడా లేదు చూడు. టీబీ చావుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే, కాబట్టి ఆ మొదటి రోజు కొలతే మనిషిని నిలబెడతాది.

టీబీ ఒక్కటే కాదు. వానలు పడినాక మనకి వచ్చే స్క్రబ్ టైఫస్ తీసుకో, పొదల్లో గడ్డిలో ఉండే నల్లి మాదిరి సన్న పురుగు కుడితే వస్తాది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల చెక్కు కడతాది, అది చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందనో, మొలతాడు కట్టే చోటనో ఉంటాది. నల్ల చర్మం మీద నల్ల చెక్కు, పైగా బట్ట తీసి చూడకపోతే ఎట్లా కనిపిస్తాది? ఆడవాళ్లు చెప్పరు, మనం అడగం. డాక్సీసైక్లిన్ చాలా చవకైన మందు, మొదటి రోజుల్లో పడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోతాది. ఊళ్లో వేసే ఖరీదైన సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఈ జబ్బుకి పనిచెయ్యవు. కట్టెలకి పోయేవాళ్లు, మేకలు కాసేవాళ్లు పదో రోజుకి ఊపిరితిత్తులు, కిడ్నీ దెబ్బతిని మన దగ్గరికి వస్తారు, ఉద్యోగస్తుడి కొడుకు నాలుగో రోజుకే వస్తాడు. లెక్క రాస్తే ఒక కులం వాళ్లు ఎక్కువ పోయినట్టు కనిపిస్తాది. నిజానికి ఆ లెక్క పదో రోజుకీ నాలుగో రోజుకీ ఉన్న తేడా.

ఇంగ్లండ్ సంగతి అడిగినావు కదా. 2020లో ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ కలిపి 260 ఆస్పత్రుల్లో దాదాపు 35 వేల మంది కోవిడ్ పేషెంట్లని చూస్తే, ఆస్పత్రిలో చేరినవాళ్లలో తెల్లవాళ్ల కన్నా దక్షిణాసియా వాళ్లు చనిపోయే అవకాశం 19 శాతం ఎక్కువ అని తేలింది. దక్షిణాసియా పేషెంట్లలో 40 శాతం మందికి షుగర్, తెల్లవాళ్లలో 25 శాతానికి. షుగర్ ఒక్కటే మొత్తం తేడా చెప్పదు, కొంత చెప్తాది. అప్పుడే వచ్చిన ఇంకో ప్రభుత్వ లెక్కలో వయసు, పేదరికం సరిచూసినాక కూడా బంగ్లాదేశ్ వాళ్ల ముప్పు తెల్లవాళ్ల కన్నా రెండింతలు, ఇండియన్లది 10 నుంచి 50 శాతం ఎక్కువ మధ్యలో ఉంది. అంటే దక్షిణాసియా అని ఒకే డబ్బాలో వేసినవాళ్ల లోపలే ఎంత తేడా ఉందో చూడు.

రక్తంలో ఏమీ లేదని కూడా నేను చెప్పను, అబద్ధం అవుతాది. 2021లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఒక జీన్ గురించి చెప్పినారు, కోవిడ్‌లో ఊపిరితిత్తులు దెబ్బతినే ముప్పు పెంచే రకం దక్షిణాసియా మూలాలు ఉన్నవాళ్లలో 60 శాతం మందిలో ఉంది, యూరప్ మూలాలవాళ్లలో 15 శాతం. అది నిజమే. కానీ అదే జీన్ కరీబియన్ నల్లజాతి వాళ్లలో 2 శాతం మందిలోనే ఉంది, మొదటి వేవ్‌లో వాళ్లు కూడా తెల్లవాళ్ల కన్నా ఎక్కువ పోయినారు కదా! పైగా రెండో వేవ్ వచ్చేసరికి నల్లజాతి వాళ్లలో ఆ తేడా బాగా తగ్గిపోయింది, పాకిస్తాన్ బంగ్లాదేశ్ వాళ్లలో తగ్గలేదు. ఆరు నెలల్లో ఎవరి జీన్లూ మారవు. బస్సు నడిపే పని, ఒకే ఇంట్లో మూడు తరాలు, ఆస్పత్రికి పోయేదానికి భయం, ఇవి మారతాయి.

మన దగ్గర కూడా రక్తంలో ఉండే తేడాలు ఉండాయి, అవి నిజంగా తెలిసినవి, వాటిని నేర్చుకో. వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ తక్కువ ఉంటాది, వాళ్లకి ఊపిరి ట్యూబు వేసేముందు కండరాలు వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి దిగదు, మన మత్తు డాక్టర్లు అందుకే ముందే అడుగుతారు. వైవాక్స్ రకం మలేరియాకి ప్రైమాక్విన్ ఇచ్చేముందు జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందేమో చూడాల, లేకపోతే రక్తకణాలు పగిలి మూత్రం నల్లగా పోతాది. గమనించు, ఇవి ఏ ఎంజైమో తెలుసు, ఏ మందో తెలుసు, ఏం చెయ్యాలో తెలుసు. "వాళ్లు తట్టుకోలేరు" అనే మాటలో ఎంజైమూ లేదు, మందూ లేదు, చేసేదీ ఏమీ లేదు. చెయ్యకుండా ఉండేదానికి పనికొస్తాది, అంతే.

ఈ మాట కొత్తదీ కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయిలో కులాల వారీగా లెక్క తీసినారు, కింది కులాలని రాసినవాళ్లలో వెయ్యికి 61.6 మంది పోయినారు, మిగతా హిందువుల్లో 18.9, యూరోపియన్లలో 8.3. ఒకే ఊరు, ఒకే గాలి. ఇరుకు గదులు, కూలి పోతే తిండి లేకపోవడం, మంచినీళ్లిచ్చే మనిషి లేకపోవడం.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. సత్యవేడు వైపు ఇటుక బట్టీలో పనిచేసే ఒకామె, ఆమె కూడా యానాది, టీబీతో పాటు ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు. బాత్‌రూమ్ పక్కన ఆఖరి మంచం ఇచ్చినారు. ఎవరొచ్చినా "ఏమే" అనేదే, "అమ్మా" అని పిలిచినవాళ్లు లేరు, రౌండ్స్‌లో ఆమె ఎదురుగానే ఇంగ్లీషులో మాట్లాడుకోని పోయేవాళ్లు. మూడో రోజు వేలిముద్ర వేసి పోతానని కూర్చుంది. షీటులో "చెప్పినా వినలేదు" అని రాసినాం, ఆ రాసిన చెయ్యి నాదే. అయిదు వారాలకి మళ్లీ వచ్చింది, రెండో రాత్రి పోయింది. తర్వాత ఆమె అత్త చెప్పింది, బయట స్కాన్‌కి 4,500 అని ఎవరో అంటే ప్రతి రోజూ అంత కట్టాలేమో అనుకుందంట, ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు చూపు ఆనని ముసలామె దగ్గర ఉండారంట. ఆరోగ్యశ్రీ డెస్కు మా వార్డుకి ముప్పై అడుగుల దూరంలో ఉంది. ఎందుకు పోతా ఉన్నావమ్మా అని ఒక్కరం అడిగింటే సరిపోయేది. అప్పటినుంచి ఎవరు పోతానన్నా నేను మంచం పక్కన కూర్చోని, మూడు అడిగే దాన్ని, ఇంటి దగ్గర ఎవరున్నారు, డబ్బు ఎంత అవుతాదని ఎవరు చెప్పినారు, రాత్రి తోడుగా ఉండేవాళ్లు ఏం తింటా ఉన్నారు.

ప్రాజెక్టు తప్పకుండా చెయ్యి, మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ముందు తీసుకో. ఊరికే ఎస్టీ, ఎస్సీ, బీసీ, ఓసీ అని నాలుగు గళ్లు గీసి ఎంతమంది పోయినారు అని లెక్కపెడితే మీ సీనియర్ మాటకే నువ్వు ముద్ర వేసినట్టు అవుతాది. జబ్బు మొదలైనాక ఎన్నో రోజుకి మన దగ్గరికి వచ్చినారు, దానికి ముందు ఎన్ని చోట్లకి తిరిగినారు, తూచిన బరువు, లెక్కపెట్టిన ఊపిరి, షుగర్, వచ్చిన ఎన్ని గంటలకి మొదటి డోసు పడింది, ఎన్నో రోజు ఎందుకు వెళ్లిపోయినారు, ఇవన్నీ రాసుకో. ఆ తర్వాత ఒకే బరువుతో, ఒకే రోజుకి వచ్చినవాళ్లని పక్కపక్కన పెట్టి చూడు. అప్పుడు కూడా తేడా మిగిలితే ఆ మిగిలిన దాన్ని వెతకాల, అది జీన్ కావొచ్చు, మనం చూసిన తీరు కావొచ్చు. యానాదులతో మాట్లాడేటప్పుడు కులం పేరు గట్టిగా వార్డంతా వినపడేట్టు అడగొద్దు, పక్కకి కూర్చోబెట్టి అడుగు.

ఆ 31 కిలోల ఆయన రెండో నెల ఆఖర్లో బరువు చూపించుకునేదానికి వచ్చినాడు, తనంతట తానే మిషను మీద ఎక్కి నిలబడినాడు, 34 చూపించింది. బిడ్డకి కూడా పరీక్ష చేసి, జబ్బు లేదని చూసుకోని, రాకుండా ఉండే మందు మొదలుపెట్టినాం. నీ వార్డులో తూచే ముందు మిషను మీద ఎవరూ లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకో, మా దగ్గర ఒక మిషను రెండు కిలోలు జాస్తి చూపించేది, ఏడాది దాకా ఎవరూ కనుక్కోలేదు.